కామేశం అంకుల్ పడలేదు

నిన్న హారిస్ పార్క్‌లో ఇండియన్ కొట్టులో కరివేపాకు కొనుక్కుని కారెక్కుతుంటే రాజ్యం ఆంటీ ఫోన్.

"అమ్మాయ్, మీ అంకుల్ వెళ్లిపోయారే."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "పడ్డారా ఆంటీ?"

అయ్యో అనలేదు. ఎప్పుడు అని అడగలేదు. పడ్డారా అన్నాను.

"లేదమ్మా. పడలేదు."

కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చేశాను. ఆ ఏడుపులో సగానికి పైగా హమ్మయ్యే.

అంకుల్ తెలియనివాళ్లు ఇది చదివి నాది రాతిగుండె అనుకుంటారు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

క్వేకర్స్ హిల్‌లో మా పక్కిల్లు వాళ్లది. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్లందరికీ కామేశం అంకుల్ అంటే రిటైరైన రోడ్ల ఇంజనీరు. కానీ ఈ దేశంలో టీవీ బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్న రోజుల్లో ఆయన కామెడీ యాక్టర్.

పని ఒక్కటే. కింద పడటం.

తెనాలి నుంచి స్కాలర్‌షిప్ మీద ఇక్కడి యూనివర్సిటీకి వచ్చారు. పై ఖర్చులకి ఒక టీవీ స్టూడియో క్యాంటీన్‌లో పార్ట్ టైమ్. ఒకరోజు లైవ్ ప్రోగ్రామ్ నడుస్తుండగా టీ ట్రేతో వెళ్తూ కేబుల్ కాలికి తగిలి, సరిగ్గా కెమెరా ముందు వెల్లకిలా పడ్డారు. కప్పులన్నీ ముక్కలు. ఉద్యోగం ఊడిందనుకున్నారు. జనం మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ప్రొడ్యూసర్ వచ్చి, వచ్చేవారం కూడా ఇలాగే పడతావా అని అడిగాడట.

అలా మొదలైంది. ఒక వారం వెయిటర్, ఒక వారం పోస్ట్‌మన్, ఇంకో వారం క్రికెట్ అంపైర్. వేషం ఏదైనా చివరికి నేల మీదే. అన్నేళ్లలో దొరికిన డైలాగ్ "సారీ సర్" ఒక్కటే. అదీ పడుకునే చెప్పాలి.

ఒకసారి తలపాగా చుట్టి, పాముల బుట్ట ముందు కూర్చోబెట్టి బూర ఊదమన్నారట. "పడమంటే ఎన్నిసార్లయినా పడతాను, దిగజారమంటే మాత్రం నా వల్ల కాదు" అని ఆ రోజుతో టీవీ మానేశారు.

ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పారు అంకుల్ అని అడిగాను.

"చెప్పలేదమ్మాయ్. తలుపేసి వచ్చేశా. ఈ డైలాగ్ బస్సెక్కాక తట్టింది."

టేపులు ఏవీ మిగల్లేదు. వాళ్ల హాల్లో ఒక ఫొటో ఉంది, అంతే. గాల్లో అడ్డంగా అంకుల్, చుట్టూ ఎగురుతున్న కప్పులు, మొహంలో మాత్రం ఎక్కడలేని మర్యాద.

నేనేమో ఫిజియోని. పెద్దవాళ్లు పడకుండా చూడటమే నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసిన రోజు అంకుల్ ఎంత నవ్వారో! "అయితే మనిద్దరివీ పోటీ కంపెనీలన్నమాట!" పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనేలా లోపలికి పెట్టుకుంటే తలకి దెబ్బ తగలదని తన కిటుకు కూడా చెప్పారు.

ఒక ఉగాదికి స్కూల్ హాల్లో అందరం భోజనాల దగ్గర ఉన్నాం. కాఫీ ట్రేతో వస్తూ అంకుల్ తూలారు. దభీమని పడ్డారు. మన డాక్టర్లు ముగ్గురు పరిగెత్తారు. ఒకాయన అంబులెన్స్‌కి ఫోన్ కూడా తీశారు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఎక్కడ నొప్పి అంకుల్ అంటుంటే, కన్ను కొట్టారు.

ట్రే చేతిలో పైకెత్తే ఉంది. ఒక్క కప్పు ఒరగలేదు.

తిట్లూ చప్పట్లూ కలిసిపోయాయి. రాజ్యం ఆంటీ ఒక్కరే తల తిప్పకుండా పులిహోర తింటున్నారు. "చప్పుడు బట్టి తెలుస్తుందమ్మా. ముందు భుజం ఆనింది. బాగానే పడ్డారు."

రెండేళ్ల క్రితం ఆయన ఎముకలు గుల్లబారాయి. చేతులు వణకడం మొదలైంది. ఇక ఒక్కసారి పడితే లేవడం కష్టం అన్నారు డాక్టరు.

ఆ సాయంత్రం అంకుల్ నాతో మొదటిసారి నవ్వకుండా మాట్లాడారు.

"పోవడానికి నాకేం భయం లేదమ్మాయ్. పడి మాత్రం పోకూడదు. నేను పడితే ఇళ్లల్లో కూర్చుని ఎంతమంది నవ్వారో! అప్పటి పిల్లలు ఇప్పుడు ముసలాళ్లయి ఉంటారు. చివరికి పడే పోయాడటరా అని తెలిస్తే, పాపం ఆ నవ్వినందుకు బాధపడతారు. వాళ్ల నవ్వు చెడిపోకూడదు. అంతవరకు చూడు."

చూస్తానన్నాను. మా ఉద్యోగంలో అలాంటి మాట ఎవరికీ ఇవ్వకూడదు. ఇచ్చేశాను.

ఆ రోజు నుంచి ఫోన్‌లో ఆంటీ పేరు కనిపిస్తే చాలు, పడ్డారా అంటూనే ఎత్తేదాన్ని. వాళ్లింట్లో కార్పెట్లు తీయించాను. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించాను. చెప్పులు మార్పించాను. పని నుంచి రాగానే రోజూ వాకర్‌తో వరండా దాకా నడిపించేదాన్ని. ఆయన విసుక్కునేవారు. నేనూ అరిచేదాన్ని, అబద్ధమెందుకు.

పోయిన ఆదివారం వాకర్ పట్టుకుని, "కంగారుపడకు. నీ ఒక్కదాని కోసం పడతానా? హాలు నిండాలి," అన్నారు.

నిన్న మధ్యాహ్నం భోజనం చేసి కాఫీ అడిగారట. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మొత్తం తాగారట. కప్పు బల్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నారట. ఆంటీ కప్పు తీయడానికి వచ్చేసరికి ఆయన లేరు.

నేను వెళ్లేసరికి ఆ కప్పు ఇంకా అక్కడే ఉంది. ఆంటీ దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నాకు చూపించారు.

"చూడవే. చేతులు అంత వణికే మనిషి. సాసర్‌లో ఒక్క చుక్క లేదు."

అంకుల్, గెలిచాం. మిమ్మల్ని చూసి నవ్విన వాళ్లెవరూ బాధపడక్కర్లేదు.

ఇక కడ్డీలు పట్టుకోనక్కర్లేదు. నా అరుపులు వినక్కర్లేదు. మీరెళ్లిన చోట కార్పెట్లు తీయించేవాళ్లు ఎవరూ ఉండరు. మీ ఇష్టం వచ్చినన్నిసార్లు పడండి.

గడ్డం మాత్రం లోపలికి పెట్టుకోండి.

ప్రశాంతంగా ఉండండి అంకుల్.