దిశారి విప్పలేని ఉపవాసం

ఇస్లాంతో నా మొదటి పరిచయం ఒక ఐదు మార్కుల ప్రశ్న. విశాఖలో ఎమ్మే చదివేటప్పుడు ప్రపంచ మతాల పేపర్లో ఆ ప్రశ్ననే తిప్పి తిప్పి అడిగేవారు. దేవుడు ఒక్కడే, ప్రవక్త ఆయన పంపినవాడు అని సాక్ష్యం చెప్పడం, రోజుకి ఐదు పూటలా నమాజు, పేదలకి దానం, రంజాను ఉపవాసం, శక్తి ఉన్నవాళ్ళకి మక్కా యాత్ర. వేళ్ళు మడిచి బట్టీ కొట్టేశాను. మతాన్ని అలా చదవడంలో ఒక సుఖం ఉంది, ఏదీ ఒంటికి అంటదు.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి పార్వతీపురం ముస్లింల పిల్ల. వాళ్ళ నాన్న బట్టలు కుట్టేవాడు. తనూ నా క్లాసే, ఆ పేపర్లో మాత్రం నాకంటే తక్కువ మార్కులు తెచ్చుకుంది. "మీ మతంలోనే వెనకబడ్డావేటే?" అని ఏడిపించాను. "నాకు తెలిసింది రాశాను. వాళ్ళు అడిగింది అది కాదట" అంది, చదువుతున్న పుస్తకం మీంచి తల ఎత్తకుండా.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే వేళ, రంజాను నెలలోనే, మా ఊళ్ళో మామిడి కొత్త వచ్చింది. అరకు దాటి జీపు దిగి, ఇంకా పైకి ఎక్కితే మా ఊరు. కొత్త అంటే మా కొండల్లో పెద్ద పండగ. దిశారి, అంటే చంద్రుణ్ణీ చుక్కలనీ చూసి మంచిచెడ్డలు చెప్పే మా పెద్దాయన, మంచి రోజు చూసి కొండదేవత రాయి ముందు కొత్త కాయ పెట్టేదాకా ఊళ్ళో ఒక్కరూ మామిడి ముట్టరు. చెట్టు కింద రాలి కుళ్ళిపోయినా ముట్టరు. ఈ నిష్ఠ చూడాలని నా స్నేహితురాలు సరదా పడితే, ఉపవాసాలతో కొండెక్కగలవా అన్నాను. నా కంటే ముందు సంచి సర్దుకుంది.

మా అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. నాకు తోబుట్టువులు లేరు. అమ్మకి ఆయాసం ఉంది, ఎక్కువ కాలం ఉండనని ఆమెకే తెలుసు. తను పోతే నాకెవరున్నారన్నదే ఆమె దిగులు. ఆ దిగులుకి మా దగ్గర ఒక మందు ఉంది, నేస్తం కట్టడం. కులం వేరైనా ఊరు వేరైనా సరే, ఇద్దరు కొండదేవత ముందు కొత్త పంట ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని, ఒకే ఆకు డొప్పలో జీలుగు చెట్టు కల్లు తాగితే చాలు, ఆనాటి నుంచి ఒక కడుపున పుట్టినవాళ్ళే. పేర్లు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు. చావుకి, బతుక్కి ఒకరి గుమ్మంలో ఒకరు నిలబడాలి. నాకు తగిన నేస్తం కోసం అమ్మ ఎన్నాళ్ళుగానో చూస్తోంది. నా గదిలో ఉండే పిల్ల వస్తోందని కబురు చేస్తే, మాకు ఒక్క ముక్కయినా చెప్పకుండా, ఈ కొత్తకి నేస్తం కట్టిస్తానని ఊరంతా చాటేసింది.

మేం ఇంటికి చేరగానే అమ్మ చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చింది. తను రెండు చేతులూ జోడించి వద్దంది. మా ఇళ్ళల్లో చుట్టం అంబలి కాదంటే మనసులో పగ పెట్టుకుందని అర్థం. అమ్మ మొహం వాడిపోయింది. పొద్దుగూకేదాకా తినరని, నీళ్ళయినా తాగరని నేను చెప్పాను. "ఈ కొండెక్కి వచ్చి నీల్లు తాగదా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అమ్మా తనూ ఊటకి నీళ్ళకి వెళ్ళారు. తిరిగొచ్చాక అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఆ పిల్లగుంట మొకం కడుక్కుంది. నోరు పుక్కిలించింది. పుక్కిలించి, ఊసేసిందే. నాను సెట్టు సాటున ఉన్నాను, అది నన్ను సూడనేదు. ఒక గుక్క లోనికి పోతే ఎవులికి తెలుత్తాది?"

"దేవుడికి తెలుస్తుందంటారు."

అమ్మ చెట్టు కింద రాలిన మామిడికాయల కేసి చూసింది. తరవాత, "మనం మామిడి ముట్టనట్టే కదేటి" అంది. నేను పుస్తకంలో పేజీలకి పేజీలు చదివినా ఆ సంగతి నాకు తట్టలేదు. అడవిలో ఒంటరిగా ఉండి, కాలి కింద పండు ఉండి, కడుపులో ఆకలి ఉండి, ముట్టని మనిషికే ఇంకో మనిషి ఉపవాసం అర్థమవుతుంది కాబోలు.

కానీ అర్థం చేసుకున్నదాంతో అమ్మ చేసిన పని చూడండి. పండగ పొద్దున్న ఊరంతా రాయి దగ్గర పోగయింది. దిశారి కాయ కోసి పెట్టాడు, మంత్రం చెప్పాడు, కొత్త విప్పాడు. అంటే ఇక అందరూ తినొచ్చు. అప్పుడు అమ్మ నా స్నేహితురాలి చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకెళ్ళి, "ఈ గుంటది కూడా విప్పీ" అంది. ఉపవాసం కూడా కొత్త లాంటిదే కనుక, కట్టినదాన్ని దిశారి విప్పుతాడని ఆమె లెక్క. ఆ పెద్దాయన ఏమాత్రం సందేహించకుండా ఆ పిల్ల నెత్తిన నాలుగు గింజలు జల్లి, "ఇప్పేసినాను. తినీయే" అన్నాడు. అమ్మ మామిడి ముక్క ఒకటి నా చేతిలో, ఒకటి నా స్నేహితురాలి చేతిలో పెట్టింది. కల్లు డొప్ప తయారుగా ఉంది.

తను కాదంటే అమ్మ మాట ఊరి ముందు పోతుంది. నాకు మళ్ళీ ఎవరూ ఉండరు. సరేనంటే తన నిష్ఠ పోతుంది.

తను జుట్టులోంచి గింజలు దులుపుకోలేదు. ముక్కని మెల్లగా ఆకులో పెట్టింది.

"తాతా, నీ మాటంటే లెక్కలేక కాదు. ఇది విప్పేవాళ్ళు మనుషుల్లో లేరు. పొద్దు దిగితేనే విడుతుంది. ఇంకో దేవుడికి పెట్టింది నేను తినకూడదు, కల్లూ తాగకూడదు."

"మీ దిశారైనా ఇప్పడా?" అన్నాడు దిశారి.

"నమాజు చేయించే పెద్దలున్నారు, చదువు చెప్పేవాళ్ళున్నారు. నాకూ దేవుడికీ మధ్యన మాత్రం ఎవరూ లేరు."

ఊరికీ దేవుడికీ మధ్య నిలబడడమే తన పనిగా బతికిన మనిషి మా దిశారి. ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ఆయన ఆ పిల్లని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. "మద్దిన ఎవులూ నేకుండా ఎలా బతుకుతున్నారే, బయిం ఎయ్యదేటి?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "వేస్తుంది తాతా" అంది తను.

నేస్తం కట్టడం ఆగిపోయింది. అమ్మ ఇంటికి నడిచింది. వెనకాల మేమిద్దరం.

పొయ్యి వెలిగించలేదు. అరుగు మీద కూర్చుని అమ్మ అడిగింది. "మీలో పరాయోల్లని సొంతం సేసుకోడానికి ఏటీ నేదా?"

ఉంది పిన్నీ అంటూ తను వాళ్ళ ప్రవక్త కథ చెప్పడం మొదలుపెట్టింది. పుట్టకముందే తండ్రి, చిన్నతనంలోనే తల్లి పోయిన ఒక మనిషి. మేకలు కాశాడు, వర్తకం చేశాడు. ఊరి బయట కొండ గుహలో ఒంటరిగా కూర్చునేవాడు. అక్కడ ఒక పిలుపు వినబడి వణుకుతూ ఇంటికొస్తే, భార్య దుప్పటి కప్పింది, అందరి కంటే ముందు నమ్మింది. దేవుడు ఒక్కడే అని చెప్పినందుకు, బానిసా యజమానీ పక్కపక్కన నిలబడాలన్నందుకు ఊరు కక్ష కట్టింది. నమ్మినవాళ్ళు కొందరు సముద్రం దాటి ఒక క్రైస్తవ రాజు నీడకి చేరారు. చివరికి అందరూ ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి ఉత్తరాన ఇంకో ఊరికి వలసపోయారు. అక్కడ ఆయన, వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరిని ఆ ఊరివాళ్ళలో ఒక్కొక్కరికి అన్నదమ్ముల్లా జత కలిపాడు.

"ఏ కులమని అడగనేదా?"

"లేదు పిన్నీ. ఆ ఊరివాళ్ళు తమకున్నదాంట్లో సగం తీసుకోమన్నారు."

"ఉత్త మాట మీదేనా? పండేటీ నేకుండా?"

"మాట మీదే. మా సంవత్సరాలు లెక్కపెట్టేది కూడా ఆ వలస జరిగిన ఏడాది నుంచే. ఆయన పుట్టినప్పటి నుంచి కాదు, గెలిచినప్పటి నుంచి కాదు."

వలస అన్న మాట నేను పరీక్షలో ఎన్నిసార్లు రాశానో. ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు దొరికిన ఏడాది నుంచి కాలాన్ని లెక్కపెట్టే మనుషులున్నారని ఆ అరుగు మీదే తెలిసింది. నాకు దుఃఖం లాంటిది వచ్చింది, అది దుఃఖం కాదు. ఇంత పెద్ద సంగతిని ఐదు మార్కులకి రాసేశానే అనుకున్నాను.

సూర్యుడు కొండ వెనక్కి పోగానే అమ్మ లేచి, "పొద్దు పోయింది, బేగి తినండి" అంది. "కొండ చాటుకి వెళ్ళాడు గాని ఇంకా దిగలేదు పిన్నీ" అని తను ఫోన్లో వేళ చూపించింది. అమ్మ మళ్ళీ కూర్చుంది. అప్పుడు చూశాను, ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కొత్త విప్పిన రోజు, ఊరంతా మామిడి తిన్న రోజు, ఆయాసం మనిషి పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. ఎందుకే అని కసిరాను. "నన్నెవులూ తినొద్దననేదు, నోరుముయ్యి" అని కసిరింది.

వేళయింది. తను ఖర్జూరం, నీళ్ళు తీసుకుని అమ్మకీ నాకూ ఇచ్చింది. అమ్మ లోపల్నుంచి ఒక కాయ తెచ్చింది. "ఇది ఎవులికీ పెట్టనేదు. సెట్టునుంచి తిన్నగా తెచ్చినాను. రాయి ముందు కాదు, కల్లు నేదు. మీ దేవుడు అన్నీ సూత్తాడంట కదా. ఆయన సూత్తే సాలు" అంది. మేం ఒకరి నోట్లో ఒకరం ముక్క పెట్టుకున్నాం. పుల్లగా ఉంది. కళ్ళలో నీళ్ళొచ్చింది అందుకేనని ఇద్దరం అబద్ధమాడాం.

ఆ నేస్తం చెల్లుతుందా చెల్లదా అని ఊళ్ళో చాలాకాలం వాదించారు. దిశారి ఎటూ తేల్చలేదు.

రెండేళ్ళకి వానాకాలంలో అమ్మ పోయింది. మా ఆచారంలో శవం లేచిన ఇంట్లో పొయ్యి వెలగదు. కొండ కింద శ్మశానం నుంచి తిరిగొచ్చాక, తోబుట్టువైనవాళ్ళు పక్కింట్లో అంబలి కాచి తెచ్చి మొదటి ముద్ద తినిపించాలి. తోబుట్టువు లేనివాళ్ళకి ఊరు పెడుతుంది, అనాథకి పెట్టినట్టు. ఆ సాయంత్రం దిశారి గుమ్మం ముందు నిలబడి, ఎప్పటిలాగే, "ఈ పిల్లకి తోడబుట్టినోల్లు ఎవులు?" అని అడిగాడు.

ఘాటీ రోడ్డంతా తడిసి వచ్చిన మనిషి ఆడవాళ్ళ మధ్యలోంచి లేచింది. చేతిలో అంబలి గిన్నె ఉంది.

దిశారి పక్కకి తప్పుకుని దారిచ్చాడు.