బాబాయి ముందుగా తీర్చిన బాకీ

మొన్న మా అమ్మాయి కేకుల వ్యాపారం పెడతానంటూ ఫోన్ చేసి, "సోల్ ట్రేడరా, లిమిటెడ్ కంపెనీయా, డాడ్?" అని ఇంగ్లీషులో అడిగింది. ప్రశ్న పూర్తికాకముందే "లిమిటెడ్" అన్నాను. సొంత పేరు మీద పెడితే వ్యాపారం అప్పు ఇంటిమీదికొస్తుంది, లిమిటెడ్ అయితే కంపెనీతోనే ఆగుతుంది. మొదటి కేకు పొయ్యెక్కకముందే దివాలా గురించి ఆలోచించే తండ్రిని ఎక్కడా చూడలేదని నవ్వింది. ఆ జాగ్రత్త నాకు నేర్పింది ఇక్కడే ఇంగ్లండులో, స్విండన్ ఊళ్ళో ఉండే మా బాబాయి అని దానికి తెలియదు.

బాబాయి మా నాన్నగారి తమ్ముడు. తొంభైల చివర్లో మనవాళ్ళు స్విండన్ ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టుల మీద గుంపులుగా దిగుతున్న రోజుల్లో, పిన్ని వండితే ఆయన వ్యానులో భోజనాలు అందించేవాడు. ఆ వ్యాను ఎక్కడ ఆగినా ఇంగువ వాసన ముందు దిగేది, తరవాత ఆయన. కారం తగ్గించమన్నవాళ్ళకి అన్నంతోపాటు ఉపన్యాసం కూడా పెట్టేవాడు. గిరాకీ పెరిగి పెద్ద వంటశాల అద్దెకి తీసుకున్నాడు. దానికి బ్యాంకు లోను, నా దగ్గర నాలుగు వేల పౌండ్ల అప్పు, అన్నీ సొంత పేరు మీదే. "కంపెనీ ఎందుకురా, నా పేరు చాలదూ?" అనేవాడు. రెండు వేల ఒకటి తరవాత కాంట్రాక్టులు పోయాయి. తినేవాళ్ళు తలో దిక్కూ వెళ్ళిపోయారు, లోను మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

ఒక ఆదివారం ఆయన వ్యాను అమ్మేసి, రైలెక్కి రీడింగ్ ఊళ్ళో మా ఇంటికొచ్చి, నాలుగు వేలూ నా చేతిలో పెట్టాడు. "బ్యాంకోడి సంగతి తరవాత చూద్దాంరా. ముందు మనోళ్ళకి తీర్చాలి" అన్నాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను.

పై వారం బాబాయి, పిన్ని, నేను కలిసి దివాలా వ్యవహారాలు చూసే ఒక ఇంగ్లీషు పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాం. ఆయన టీ ఇచ్చి, నింపాదిగా దారులు చెప్పాడు. కోర్టుకెళ్ళి దివాలా తీస్తే బాకీల బాధ వదులుతుంది, కానీ బాబాయి సొంతిల్లు దక్కడం అనుమానం. రెండోది ఐవీఏ అనే ఒప్పందం. అప్పులవాళ్ళు ఒప్పుకుంటే ఐదేళ్ళు నెలనెలా కట్టగలిగినంత కట్టాలి, మిగిలింది వాళ్ళు వదులుకుంటారు, ఇల్లు నిలబడొచ్చు. ఇంతా చెప్పి, ఈమధ్య ఎవరికైనా బాకీ తీర్చారా అని అడిగాడు. బాబాయి గర్వంగా నన్ను చూపించాడు. పెద్దమనిషి పెన్ను కింద పెట్టేశాడు. మిగతా అందరినీ ఆపి సొంతవాళ్ళకి ముందు తీర్చడం ఇక్కడి చట్టానికి గిట్టదట. నేను ఆ డబ్బు వెనక్కి ఇచ్చేసి, అప్పులవాళ్ళ జాబితాలో బ్యాంకు పక్కన నిలబడితేనే ఒప్పందం కుదిరే ఆశ ఉందట.

"అన్నయ్య కొడుక్కి ఎగ్గొట్టానని నా చేత్తో నేను రాసివ్వాలా? ఇల్లు పోతే పోనీ!" అన్నాడు బాబాయి. పిన్ని ఆయన వైపు తిరిగింది. "పిల్లల్ని మీ పరువులో పడుకోబెట్టమంటారేంటండీ? సంతకం పెట్టండి."

పెట్టాడు. నేను చెక్కు రాశాను. అప్పులవాళ్ళు ఒప్పుకున్నారు, ఇల్లు నిలిచింది. బాబాయి ఒక గోదాములో ఉద్యోగంలో చేరి నెలనెలా కట్టాడు. నా వాటాగా అప్పుడప్పుడు చిన్న చిన్న చెక్కులు వచ్చేవి. కానీ ఊరందరికీ అన్నం పెట్టిన ఆ మనిషి నా ఇంట్లో మెతుకు ముట్టడం మానేశాడు. వచ్చేవాడు, టీ తాగేవాడు, కంచాలు పెట్టే వేళకి రైలు టైమైందని లేచేవాడు. బాకీ ఉన్నచోట చెయ్యి కడగలేనని పిన్నితో అన్నాడట. నాకు కోపం వచ్చేది. అంతకంటే ఎక్కువగా, ఆ నాలుగు వేలూ ఆ ఆదివారం ఎందుకు పుచ్చుకున్నానా అని సిగ్గేసేది.

ఐదేళ్ళూ గడిచి, ఒప్పందం ముగిసిందన్న కాగితం వచ్చిన రోజు ఆయనే ఫోన్ చేశాడు. "ఒరేయ్, భోజనానికొస్తున్నాం. మీ ఆవిణ్ణి పప్పుచారు కాయమను." వచ్చి మూడుసార్లు వడ్డించుకుని, ఉప్పు తక్కువైందని మా ఆవిడకి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. నేను తల వంచుకుని తిన్నాను, కళ్ళు కనిపించకూడదని. చట్టం ఐదేళ్ళలో బాకీని కొట్టేసింది గానీ, ఆయన ఆకలితో లేచి వెళ్ళిపోయిన ఆదివారాలను నాకు తిరిగిచ్చే దారి ఏ చట్టంలోనూ లేదు.