ఒక కత్తికి ఇద్దరాడవాళ్లు

2021 వానాకాలం మొదట్లో నన్ను నారాయణఖేడ్‌కు బదిలీ చేశారు. మహిళా సంఘాల విభాగంలో మండల స్థాయి అధికారిని. పదవీ విరమణకు కొద్ది ఏళ్లే ఉండగా అంత దూరం వేయడం శిక్షేనని సంగారెడ్డిలో తోటివాళ్లు జాలిపడ్డారు. నేనూ మొహం మాడ్చుకునే బస్సెక్కాను. ఇప్పుడు పనీపాటా లేకుండా ఇంట్లో కూర్చుని, ఆ ఊరి బస్సు డిపోలో దిగిన ఉదయాలనే తలచుకుంటున్నాను. మనిషి మనసుకు ఒక పద్ధతంటూ లేదు.

పింఛను తీసుకుంటూ, ఇంకా పని చేయగలిగిన ఒంటరి ఆడవాళ్లను గుర్తించి, ఒక్కొక్కరికీ జీవనోపాధి ప్రణాళిక తయారు చేయడం నాకప్పగించిన బాధ్యతల్లో ఒకటి. బర్రె, మేకలు, కుట్టు మిషను, కిరాణా కొట్టు, వీటిలో ఏదో ఒకటి సంఘం ద్వారా ఇప్పించాలి. దాన్ని మా భాషలో యూనిట్ అంటాం. అది మనిషి ఇంటికి చేరితే గ్రౌండ్ అయిందంటాం. వలస తగ్గించడం దీని అసలు ఉద్దేశం. ఎందుకంటే దసరా దాటితే ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లు చెరకు నరకడానికి వెళ్లిపోతాయి. లారీలో బియ్యం, గిన్నెలు, కోళ్లు, పిల్లలు అన్నీ ఎక్కుతాయి. వెనక ముసలివాళ్లు, కుక్కలు మిగులుతాయి.

ఈశ్వరమ్మ మనూర్ దగ్గరి ఒక పల్లె మనిషి. భర్త జ్వరంతో పోయాక వితంతు పింఛను వస్తోంది. ఒక్కతే కూతురు, పెళ్లయి బీదర్ వైపు వెళ్లిపోయింది. మనిషి గట్టిది, మాట ఇంకా గట్టిది. వారపు అంగడికి వచ్చిన ప్రతిసారీ మా ఆఫీసుకు వచ్చి, ఫ్యాను కింద నేల మీద కూర్చుని, కాసేపు నన్ను ఆటపట్టించి పోయేది. ఆమె వచ్చిన రోజు నేను టీ రెండు కప్పులు చెప్పేదాన్ని. ఆ ఊళ్లో నాకు ఇంకెవరూ లేరు.

ఆమెకు బర్రె ఇప్పిద్దామని ప్రణాళిక రాశాను. వద్దంది. మేకలన్నాను, వద్దంది. చివరికి విసుగొచ్చి, నీకేం కావాలో నువ్వే చెప్పమన్నాను.

"నాకు జోడి కావాలె," అంది. మళ్లీ పెళ్లి చేసుకుంటావా అని అడిగాను. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

చెరకు పనికి మనుషులను తీసుకుపోయే గుంపు మేస్త్రి తలలు లెక్కపెట్టడు, కత్తులు లెక్కపెడతాడు. ఒక కత్తి అంటే ఆలుమగలు ఇద్దరు. ఒకరు నరికితే ఒకరు మోపు కడతారు, ఇద్దరూ కలిసి లారీకెత్తుతారు. మొగుడు పోయిన నాడే ఆడదాని కత్తి కూడా పోతుంది. ఎంత పనిమంతురాలైనా ఆమెను ఎవరూ పిలవరు. ఈశ్వరమ్మ పెళ్లయిన ఏడాది నుంచీ ఆ తోటలకు వెళ్లిన మనిషి. ఊరంతా లారీ ఎక్కుతుంటే అరుగు మీద కూర్చుని చూడడం ఆమె వల్ల కావడం లేదు.

"పింఛన్ నెలనెలా వస్తది మేడం, నేనేం కాదంట లేను. మనుషులు రారు గద. బర్రెతోని ముచ్చట పెట్టుకుంట కూసోవాల్నా?"

ఆమెకు తోటలో పొయ్యిల పొగ కావాలి, పక్క గుడిసెవాళ్ల తగువులు కావాలి, పొద్దు పొడవకముందే ఒకరినొకరు లేపుకునే పిలుపులు కావాలి. ఇవేవీ నా యూనిట్లలో లేవు.

జోడీని కూడా తానే వెతుక్కుంది. వాళ్ల సంఘంలోనే ఉన్న రూతమ్మ, ఆమె భర్త కూడా పోయాడు. ఒకరు గుడికి, ఒకరు చర్చికి వెళ్తారు తప్ప మిగతా అన్నింటికీ కలిసే తిరుగుతారు. ఇద్దరూ కలిసి ఒక కత్తిగా పోతామన్నారు.

నేను నియమం చెప్పాను. వితంతు పింఛను వేలిముద్ర వేసి తీసుకోవాలి. వరుసగా కొన్ని నెలలు తీసుకోకపోతే ఆపేస్తారు. సీజను అయ్యేదాకా వాళ్లు రాలేరు. పని కోసం వెళ్తే పింఛను పోతుంది, పింఛను కోసం ఉంటే పని దొరకదు. మేస్త్రి మధ్యలో పంపేస్తే రెండూ ఉండవు. ఆ మాటకు రూతమ్మ తల వంచుకుంది. ఈశ్వరమ్మ మాత్రం మేస్త్రితో మాట్లాడడానికి తోడు రమ్మని నన్నే అడిగింది. వలస ఆపాల్సిన అధికారిని వలసకు సిఫారసు చేయడానికి పిలిచిన ఘనత ఆమెదే.

వెళ్లాను. మేస్త్రి మర్యాదస్థుడే. బస్టాండు దగ్గరి హోటల్లో మా ముగ్గురినీ కూర్చోబెట్టి, తన ఇబ్బంది దాచకుండా చెప్పాడు. ఆడవాళ్లిద్దరూ లారీకి మోపులెత్తలేరన్నాడు.

"మా ఆయన ఉన్నప్పుడు గూడ నేనే ఎత్తిన. ఆయన బీడి తాగుకుంట లెక్క చెప్పెటోడు," అంది రూతమ్మ. మేస్త్రికి నవ్వు ఆగలేదు. అయినా అసలు భయం అది కాదు.

"మొగతోడు లేకుంట గుడిసెలల్ల ఉంటరు. రేపేమన్న అయితే జిమ్మేదారి ఎవరిది? నువ్వు తీస్కుంటవా మేడం?"

ఆఫీసు తరఫున అలాంటి హామీ ఇవ్వడానికి నాకు అధికారం లేదు. నా తరఫున తీసుకుంటానని చెప్పాను. నా ఫోను నంబరు రాసుకుని, తనది నాకిచ్చి, సరేనన్నాడు. ఈశ్వరమ్మ చేతిలోని టీ చల్లారిపోయేదాకా పట్టుకునే కూర్చుంది.

దీపావళి తర్వాత వెళ్లారు. లారీ మీది నుంచి ఈశ్వరమ్మ చెయ్యి ఊపలేదు, అప్పటికే పక్కనున్న వాళ్లతో మాటల్లో పడిపోయింది. నెలవారీ సమీక్షలో మా పై అధికారి ఆ ఇద్దరికీ యూనిట్లు ఎందుకు గ్రౌండ్ కాలేదని అడిగారు. వాళ్లు పనికి వెళ్లారని చెప్పాను. అది మన లెక్కలోకి రాదని చీవాట్లు పెట్టారు. పడ్డాను. ఆ చలికాలమంతా ఫోను మోగితే ముందు మేస్త్రి నంబరేనా అని చూసేదాన్ని. మేస్త్రి ఒక్కసారే చేశాడు, అదీ తన కోడలికి కుట్టు మిషను వస్తుందా అని అడగడానికి.

ఉగాదికి ముందు తిరిగొచ్చారు. నల్లగా మాడిపోయి, చేతుల నిండా చెరకాకు కోసిన గాట్లు, గొంతులు మాత్రం నా గదంతా నిండాయి. పింఛన్లు ఆగిపోయి ఉన్నాయి. దరఖాస్తు పెడితే విచారణ చేసి తిరిగి ఇస్తారని చెప్పాను. రూతమ్మ వెంటనే వేలిముద్ర వేసింది.

"నాదిప్పుడొద్దు మేడం. చేతులు ఆడినన్ని దినాలు ఆడనియ్యి. ముసల్దాన్నైనంక నేనే వచ్చి అడుగుత," అంది ఈశ్వరమ్మ.

నేను గట్టిగానే వాదించాను. పింఛను ఆమె హక్కు, వదులుకోవడం గొప్పతనమని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆమె వినలేదు. ఆ వానాకాలం ఇద్దరూ కలిసి కౌలుకు పెసర వేశారు. దసరాకు మేస్త్రే వాళ్ల ఇంటికి వెళ్లి పిలిచాడని, ఇంకో ఊళ్లో కూడా ఇద్దరు ఒంటరి ఆడవాళ్లు ఒక కత్తిగా కుదిరారని తర్వాత తెలిసింది.

ఈశ్వరమ్మ మా ఆఫీసుకు రావడం క్రమంగా తగ్గిపోయింది, తర్వాత మానేసింది. ఆమెకు తీరిక లేదు, నాతో పనీ లేదు. ఆమెకు కోపమేమీ లేదని నాకు తెలుసు. అంగడి రోజున కిటికీ వైపు చూడడం మాత్రం పదవీ విరమణ దాకా మానలేకపోయాను. ఇప్పటికీ ఆమె మాట వినాలనిపిస్తుంది. నంబరు ఉంది. కానీ నేను చేసే వేళకు ఆమె తోటలో ఉంటుంది, ఏదో పనిలో ఉంటుంది, చెప్పడానికి నా దగ్గర పథకమేదీ లేదు.

ఈ ఉద్యోగం నేర్పింది ఇంతే. మనం సాయం చేసిన మనిషి మన గడప తొక్కడం మానేస్తే మన పని అయినట్టు. ఆ తర్వాత ఎదురుచూడడం మన సొంత విషయం, దానికి సర్కారు జీతం ఇవ్వదు.