మిద్దెక్కిన నల్లపెట్ట

ఆ రోజుల్లో పిల్లలకు పొదుపు నేర్పడమంటే పెద్దలకు భలే సరదాగా ఉండేది. నేర్చుకున్న పిల్ల ఎదురు తిరిగితే మాత్రం ఆ సరదా కనిపించేది కాదు. మా పల్లెలో బడి అయిదో తరగతితో సరి. ఆపై చదువుకు కుందుర్పి పోతానంటే మా నాయన, "వానల్లేక శనక్కాయలే ఎండిపోతాండాయి, నీ పుస్తకాలకు దుడ్లు యాడివి? నువ్వే సంపాదించుకుంటే పో" అన్నాడు. ఆడపిల్ల ఏం సంపాదిస్తుందిలే అని ఆయన ధీమా. (ఆయన్ని ఏమీ అనకూడదు గానీ, అంటాను.) మా అవ్వకు రోషం వచ్చి, తన నల్లపెట్టను నా చేతిలో పెట్టింది. "గుడ్లమ్ముకో, దుడ్లు దాచుకో. ఎవురడిగినా ఇయ్యొద్దు" అంది. గుడ్లమ్మిన నయాపైసలు మట్టి ముంతలో పడుతుంటే నాయన వచ్చినవాళ్లందరికీ ఆ ముంత చూపించి, "దాచిన దాంట్లో చెయ్యి పెట్టగూడదని పాపకు నేనే నేర్పించినా" అని మీసం దువ్వేవాడు.

అంతలో అనంతపురం నుంచి మా మేనమామ దిగాడు. చుట్టం వస్తే సంగటిలోకి కోడి కూర ఉండాలి, లేకపోతే ఇంటి పరువు పోతుంది. తెగులుకు కోళ్లన్నీ పోగా మిగిలింది నా పెట్ట ఒక్కటే. "పాపా, పెట్టను పట్టుకో" అన్నాడు నాయన. పట్టుకున్నాను. పట్టుకుని నిచ్చెనెక్కి మా మట్టిమిద్దె మీదికి పోయి, నిచ్చెనను కూడా పైకి లాగేసుకున్నాను. (ఆ బలం ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.)

"దిగుతావా, పక్కింట్లో నిచ్చెన అడుక్కొచ్చేదా?"

"అడుక్కొచ్చుకో. ఊరంతా తెలుస్తాది."

"సుట్టం ముందర నా మానం తీస్తాండావు గదే!"

"దాచిన దాంట్లో చెయ్యి పెట్టగూడదని నువ్వే గదా చెప్పినావు నాయనా? ఇది కోడి కాదు, నా పుస్తకాలు. కోసుకొని తింటావా?"

నేను దిగలేదు. దిగితే నా చదువు ఆ పూట కూరలో ఉడికిపోతుందని నాకు తెలుసు. మామ వాకిట్లోకి వచ్చి తల పైకెత్తి పకపకా నవ్వాడు. "ఏమప్పా బావా, ఆ పాప పుస్తకాలు నాకు అరగవు. సంగట్లోకి ఊరుబిండి చాలు, రా" అన్నాడు.

వంటింట్లోకి వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన కంతలోంచి తొంగి చూశాను. ఇద్దరూ రోట్లో నూరిన శనక్కాయల ఊరుబిండి నంజుకుంటూ సంగటి తింటున్నారు. నాయన ఇంకో ముద్ద తీసుకుంటూ, ఉన్నట్టుండి, "చూసినావా అప్పా, ఎంత గట్టిగా నేర్పించినానో!" అన్నాడు. నాకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

బడి తెరిచేనాటికి ముంత నిండింది. కుందుర్పి చదువు ఉద్యోగం దాకా తీసుకుపోయింది. ఇప్పుడు పింఛను బ్యాంకులో పడుతోంది. "అమ్మా, ఆ డబ్బు ఊరికే పడి ఉంది గదా" అని మా అబ్బాయి మెల్లగా మొదలుపెడితే చాలు, మోకాళ్లు సహకరించకపోయినా, నా కళ్లు ముందు నిచ్చెన కోసం వెతుకుతాయి.