దానమ్మ షెడ్డులో మొదటి ప్రశ్న

విజయవాడ ఆటోనగర్‌లో దానమ్మను కోపిష్ఠి అనని వారు లేరు. ఆ మాట నిజమే. అయితే ఆ కోపం ఎక్కడ పుట్టిందో ఎరిగినవారు తక్కువ.

పాత జీపులు కొని, బాగుచేయించుకుని, ఆదివారాలు బురదలోనూ ఇసుకలోనూ తిప్పుకునే సరదా ఈ ఊళ్లో చాలామందికి పట్టుకుంది. అటువంటి బండ్లకు ఇంజన్ పని చేసే షెడ్డు ఆమెది. స్పానర్ పట్టేవాడు తమ్ముడు యేసుకుమార్. ఏ బండికి ఏ పని చేయాలో, ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించేది దానమ్మ. బండి గేటు దాటగానే ఆమె ఒక్కటే అడుగుతుంది: "ఈ బండి దేనికండీ?" జవాబు చెప్పనిదే బానెట్ ఎత్తనివ్వదు.

ఆ ప్రశ్న వెనుక ఆమె భర్త సంజీవరావు కుడి మోకాలు ఉంది. ఒకప్పుడు షెడ్డులోని రికవరీ వ్యాన్ నడిపింది ఆయనే. ఏలూరు కాలువలోకి ఒరిగిన ఒక లారీని లాగబోతూ, "లోపల ఏముందండీ?" అని ఆయన అడిగాడు. "ఖాళీ బండేనండీ, కానివ్వండి" అన్నాడు యజమాని. లారీ నిండా చేపల మేత బస్తాలున్నాయి. ఇనుపతాడు తెగి, కొరడాలా తిరిగివచ్చి, సంజీవరావు మోకాలిని విరగ్గొట్టింది. ఆయన మళ్లీ బ్రేకు తొక్కలేకపోయాడు. స్టీరింగ్ దానమ్మ చేతికి వచ్చింది. శత్రువులను క్షమించాలని చర్చిలో అందరూ ప్రార్థించేటప్పుడు ఆమె కూడా గొంతు కలుపుతుంది; ఆ లారీ యజమాని గుర్తుకు వచ్చేసరికి మాత్రం పెదవులు బిగుసుకుంటాయి.

కొల్లేటి వైపు చేపల చెరువులున్న బంగార్రాజు తన డీజిల్ జీపును ఆ షెడ్డుకే తెచ్చాడు.

"దేనికండీ?"

"సరదాకక్కా. హైవే మీద దూసుకుపోవాలి, అంతే."

"లాగే పనేమైనా ఉందా?"

"నేనేం లాగుతానక్కా! ఈ పొట్టనే లాగలేక చస్తున్నా."

యేసుకుమార్ పకపకా నవ్వాడు. దానమ్మ నవ్వలేదు కాని నమ్మింది. ఇంజన్ విప్పించి, టర్బో బిగింపజేసి, వెనుక ఇరుసులోని పళ్లచక్రాలను వేగానికి తగినట్లు మార్పించింది. వేగానికి అమర్చిన పళ్లచక్రాలు బరువును లాగవు. లాగుడుకు అమర్చినవి పరుగెత్తవు. అందుకే ఆమె అంత పట్టుబట్టి అడిగేది.

బంగార్రాజు అప్పటికే ఒక పడవ కొన్నాడు. ఆ సంగతి భార్య హేమకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తలపెట్టిన పని ముగిసేదాకా బయటికి పొక్కనివ్వకూడదనీ, పొక్కితే దిష్టి తగులుతుందనీ ఆ ఇంట్లో గట్టి నమ్మకం. స్థలం కొంటే రిజిస్ట్రేషన్ అయ్యాకనే చెబుతారు. పెళ్లి కుదిరితే తాంబూలాలు పుచ్చుకున్నాకనే చెబుతారు. పడవ సంగతి మెకానిక్‌కు మాత్రం ఎందుకు చెప్పాలి?

వానాకాలంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తుండగా దానమ్మకు బంగార్రాజు నుంచి ఫోన్ వచ్చింది.

"మీ ఇంజన్ నన్ను ముంచేసిందక్కా! ఇబ్రహీంపట్నం రేవులో ఇరుక్కుపోయా. జీపుల వాళ్లందరూ ఇక్కడే ఉన్నారు, వచ్చి చూసుకోండి మీ పనితనం!"

ఆ జీపుల వాళ్లే షెడ్డుకు ఆధారం. వారి ముందు పోయిన పేరు మళ్లీ రాదు. పట్టుచీర మార్చుకోకుండానే ఆమె వ్యాన్ ఎక్కింది. పక్కసీటులో సంజీవరావు కూర్చున్నాడు. గవర్నర్‌పేట దాటేదాకా ఆమె హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. అది మంచి సూచన కాదని ఆయనకు తెలుసు.

రేవు వాలులో జీపు వెనుక చక్రాలు నీటిలో ఉన్నాయి. దాని వెనుక ట్రాలీ, ట్రాలీ మీద టార్పాలిన్ కప్పిన పడవ. ముందుభాగాన గుమ్మడికాయ, నిమ్మకాయలు వేలాడుతున్నాయి. పడవకు కృష్ణ నీళ్లు తాకించి, హారతిచ్చి, చెరువులకు తీసుకుపోదామని వచ్చారట. వాలు ఎక్కబోతే క్లచ్ కాలిపోయింది. ఎగువ నుంచి వదిలిన నీరు మెల్లగా పెరుగుతోంది.

"చూశారా, ఎంత గొప్ప ఇంజనో!" అన్నాడు బంగార్రాజు, గట్టున ఉన్న జీపుల మిత్రుల వైపు తిరిగి.

"పడవ ఎక్కడిదయ్యా?" దానమ్మ గొంతులో మర్యాద జారిపోయింది. "లాగే పని లేదన్నావు. నీ పొట్టకి టార్పాలిన్ కప్పి తెచ్చావా?"

మిత్రులలో ఒకడు నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"పని కాకముందే చెబితే దిష్టక్కా..."

"ఇప్పుడు తగిలిందేంటి, దీవెనా?"

"దానమ్మా, ముందు లాగు. తిట్లు పైకొచ్చాక తిట్టుకోవచ్చు" అన్నాడు సంజీవరావు.

ఆమె ఇనుపతాడు కొక్కెం చేత్తో పట్టుకుని ఆగింది. "పడవలో ఏముంది?"

"ఏం లేదక్కా. ఖాళీయే."

ఆ మాట వినగానే సంజీవరావు చెయ్యి మోకాలి మీదికి వెళ్లింది. దానమ్మ కొక్కెం నేలకేసి కొట్టింది. "ఆ టార్పాలిన్ తియ్యి. తియ్యకపోతే నీ జీపు, నీ పడవ, నీ గుమ్మడికాయ అన్నీ ఇక్కడే కుళ్లిపోనీ."

"తీయకూడదక్కా, ఇంటికి చేరేదాకా..."

గట్టున నిలబడ్డ హేమ ఇక ఆగలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నీటిలోకి దిగింది. "మీ దిష్టి నా తలకి తగలనివ్వండి!" అంటూ టార్పాలిన్ లాగి పారేసింది. పడవలో మోటారు, పెద్ద ఐసు పెట్టె, అంచుదాకా పేర్చిన చేపల మేత బస్తాలు. ఎలాగూ చెరువులకే కదా పోయేదని వేసుకున్నాడట.

దానమ్మ ఆ బస్తాల వంక చాలాసేపు చూసింది.

"ఇదే సరుకు," అంది చివరికి, గొంతు తగ్గించి. "మా ఆయన కాలు తీసింది ఇదే సరుకు. ఆ రోజు కూడా ఖాళీయే అన్నారు."

బంగార్రాజు చొక్కా విప్పి మొదటి బస్తా తానే భుజానికెత్తుకున్నాడు. మిత్రులు ఒక్కొక్కరే దిగారు. పడవ ఖాళీ అయ్యాక దానమ్మ కొక్కెం తగిలించి, అందరినీ తాడుకు దూరంగా జరగమని కసిరి, వ్యాన్ ఎక్కింది. తాడు బిగిసింది. జీపు, ట్రాలీ నీరు కార్చుకుంటూ పైకి వచ్చాయి.

బంగార్రాజు మిత్రుల వైపు చూడలేదు కాని, వారికి వినబడేటట్లే అన్నాడు. "ఇంజన్ తప్పేం లేదు. పడవ సంగతి నేనే దాచా."

"బండెక్కడికి తోలమంటావు?"

"మీ షెడ్డుకేనక్కా."

"దేనికి?"

అలవాటు కొద్దీ అతడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించబోయాడు. హేమ ఉరిమి చూసింది. "పడవ లాగటానికి!" అని అరిచాడు. "మోటారు, ఐసు పెట్టె, మేత బస్తాలతో సహా!"

"మేత బస్తాలు వేరే బండిలో" అంది దానమ్మ, ముఖం ఏమాత్రం సడలించకుండా, గేరు వేస్తూ.