కొత్తిమీరకున్న స్వేచ్ఛ

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రాలు దాటిన వీరులున్నారు. స్వేచ్ఛ కోసం నిండు సభలో ఒంటరిగా నిలబడ్డ వీరవనిత ఉంది. ప్రపంచం మొత్తం ఉంది.

సరే, అంత లేదు. వీరవనిత ఐదో క్లాసు. నిండు సభ అంటే అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒక స్కూలు కెఫెటేరియా. సముద్రాలు దాటిన వీరులం మేమే, విమానం మిడిల్ సీట్లో, పక్కవాడి మోచేయి భరిస్తూ.

మా అక్క కూతురు ప్రతి ఆదివారం తెలుగు బడికి వెళ్తుంది. వెళ్తుంది అనడం మర్యాద కోసం. తీసుకెళ్తారు. సరిగ్గా అదే టైముకి దాని ఫ్రెండ్స్ అందరూ సాకర్ ఆడుకుంటారు. దాని ఏడుపు వారం వారం వినలేక మా అక్క ఒకరోజు నోరు జారింది.

"యాన్యువల్ డేకి వక్తృత్వ పోటీ ఉందిగా? ఫస్ట్ ప్రైజ్ తెచ్చుకో. వచ్చే ఏడు నుంచి మాన్పించేస్తా."

తెలుగు వదిలించుకోవాలంటే ముందు తెలుగులో గెలవాలి. ఇలాంటి షరతులు మా వంశంలోనే పుడతాయి.

టాపిక్ వచ్చింది: ప్రపంచీకరణ అంటే ఏమిటి? పెట్టింది ఒక రిటైర్డ్ డాక్టర్ అంకుల్. జడ్జి కూడా ఆయనే. ఎప్పుడో మా అమ్మానాన్నల పెళ్ళికి ముందే అమెరికా వచ్చారు. ఆయన ఈ దేశం బాగుపడటాన్ని కొత్తిమీరతో కొలుస్తారు. "మేమొచ్చినప్పుడు ఇక్కడ కొత్తిమీర దొరికేది కాదమ్మా" అని మొదలుపెడితే చుట్టుపక్కల వాళ్ళందరికీ ఒకేసారి కారు తాళాలు గుర్తొస్తాయి.

ఈ పోటీల్లో ఒక ఆచారం ఉంది. ప్రసంగం తల్లిదండ్రులు రాస్తారు, పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో బట్టీ పడతారు. పోటీ పెద్దవాళ్ళదే. పిల్లలు స్పీకర్ బాక్సులు.

పోటీకి ముందు రోజు శనివారం, నేను జెర్సీ సిటీ నుంచి ఇడ్లీ కోసం అక్కావాళ్ళింటికి వెళ్ళేసరికి బావ లాప్‌టాప్ ముందున్నాడు.

"ప్రపంచీకరణ అనగా సరిహద్దులు లేని అవకాశాల సమాహారం. ఎలా ఉందోయ్?"

"మీ ఆఫీస్ స్లైడ్‌లా ఉంది బావా."

"స్లైడే. అయితే తప్పా?"

బావ టీమ్ సగం హైదరాబాద్‌లో, సగం మనీలాలో ఉంటుంది. ఆయన మాత్రం ఎక్కువగా గరాజ్‌లో, ఫోన్‌లో ఉంటాడు.

సింక్ దగ్గర్నుంచి అక్క గొంతు వచ్చింది. "ఏం అవకాశాలండీ? సోనామసూరి వచ్చింది, కరివేపాకు వచ్చింది, సీరియళ్ళు కూడా వచ్చాయి. గిన్నెలు తోమే మనిషి మాత్రం రాలేదు. ఆవిడ వచ్చేదాకా అది ప్రపంచీకరణ కాదు, ఉత్త షాపింగ్."

"డిష్‌వాషర్ ఉందిగా?" అన్నాడు బావ. ఆయన్ని ధైర్యవంతుడంటారు గానీ, ఆయనకి ప్రమాదం కనబడదు, అంతే.

"ఉంది. అందులో గిన్నెలు సర్దేదెవరు, మీ మనీలా టీమా?"

నేను కూడా నా వంతు సేవ చేశాను. "మన పని ఇంకొకడికి పోతే ప్రపంచీకరణ. ఇంకొకడి పని మనకొస్తే టాలెంట్."

"నువ్వు ఇడ్లీ తిను" అంది అక్క.

ఎవరూ తగ్గలేదు. చివరికి మూడూ కలిపి ఒకే ప్రసంగం చేశారు. మొదటి పేరా ప్రపంచీకరణని పొగిడింది, రెండోది తిట్టింది, మూడోది దాని వల్ల ఉద్యోగం పోగొట్టుకుంది. మేనకోడలు కాయితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"మామా, ఇందులో ఏది రైట్?"

"జడ్జికి ఏది నచ్చితే అది."

అది నవ్వలేదు. "ఓడిపోతే మళ్ళీ వన్ ఇయర్, మామా."

మర్నాడు స్టేజి ఎక్కుతుంటే చూశాను, పట్టు పరికిణీ కింద సాకర్ సాక్సులు. గెలిస్తే అట్నుంచి అటే పోదామని ప్లాను.

దానికి ముందు మాట్లాడిన పిల్లలిద్దరూ 'సమాహారం' అన్నారు. స్లైడ్లు అన్ని ఆఫీసుల్లో ఒకటేనని అప్పుడే తెలిసింది. మా పిల్ల మైకు అందుకుంది.

"ప్రపంచీకరణ అనగా సరిహద్దులు లేని అవకాశాల..."

ఆగిపోయింది. బావ మూడో వరసలోంచి పెదాలు కదుపుతున్నాడు, చేపలాగా. అక్క కళ్ళు మూసుకుంది. నేను సమోసా పక్కన పెట్టాను. నా విషయంలో అది పెద్ద సంతాప సూచకం.

మేనకోడలు కాయితం మడిచేసింది.

"మా నాన్న అంటాడు, అది ఆపర్చునిటీ. అమ్మ అంటది, షాపింగ్. మామ అంటాడు, జాబ్ పోవడం. ముగ్గురూ ఫైట్ చేశారు. నా టీషర్ట్ బంగ్లాదేశ్ నుంచి వచ్చింది. నా సాకర్ బాల్ పాకిస్తాన్ నుంచి వచ్చింది. నాన్న ఇండియా నుంచి వచ్చాడు. అన్నీ ఎక్కడికైనా వెళ్ళచ్చు. నేను సండే సాకర్‌కి వెళ్ళలేను. అది టూ మైల్సే. థాంక్యూ."

జడ్జి అంకుల్ మెల్లగా లేచారు.

"మేమొచ్చినప్పుడు ఇక్కడ..." అన్నారు. హాలంతా నిట్టూర్చింది. "కొత్తిమీర దొరికేది కాదు. ఇప్పుడు ఏ షాపులో చూసినా కట్టలు కట్టలు. ప్రపంచీకరణంటే ఇదే కదా అనుకున్నాను ఇన్నేళ్ళూ. కానీ కొత్తిమీరకున్న స్వేచ్ఛ ఈ పిల్లకి లేదు."

ఫస్ట్ ప్రైజ్.

అది స్టేజి దిగి సూటిగా వాళ్ళమ్మ దగ్గరికొచ్చింది. "అమ్మా, ప్రామిస్."

అక్క గొంతు సవరించుకుంది. "మాటంటే మాటే. మాన్పించేస్తా." ఆ గొంతు వింటే రాజ్యం ధారపోస్తున్నట్టుంది. నేను టిష్యూ ఇచ్చాను. సమోసా నూనెది, కానీ ఆ టైములో ఎవరు చూస్తారు.

ఈలోపు బావ ప్రైజు కవరు విప్పాడు. అందులో వచ్చే ఏడాది తెలుగు బడికి ఫ్రీ రిజిస్ట్రేషన్.

"ఫ్రీ కదే" అన్నాడు బావ మెల్లగా. "ఊరికే వచ్చింది వదులుకుంటామా?"

అక్క మొహంలో రాజ్యం వెనక్కి వచ్చేసింది. "యూ ప్రామిస్డ్!" అని మేనకోడలు అరవబోతుండగా, తెలుగు బడి సెక్రటరీ మైకు తీసుకుని ప్రకటనలు చదవడం మొదలుపెట్టాడు.

వచ్చే ఏడాది నుంచి క్లాసులు శనివారానికి మార్చారు. అంటే ఆదివారం సాకర్‌కి ఖాళీ. ఆదివారాలు ఆ స్కూలు పార్కింగ్ లాట్ వేరేవాళ్ళకి అద్దెకిచ్చారట. శనివారం వచ్చేవాళ్ళు కార్లు వెనక గేటు వైపే పెట్టుకోవాలి.