మూడొందల దగ్గర ఆగిపోయిన మిషన్

ఆర్మూర్ పసుపు మార్కెట్ దారిలోని చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌గా చేరిన రెండో ఏడు అది. వేల్పూర్ నుంచి బీడీలు చుట్టే ఒకామె షుగర్ పరీక్షకు వచ్చింది. మూడొందల రెండు. డాక్టర్ ఇన్సులిన్ మొదలుపెట్టాడు. మూడు రోజుల తర్వాత మళ్ళీ చూస్తే మూడొందలు.

రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోయిన మనిషి కాసేపట్లోనే తిరిగొచ్చి నా ముందు కూలబడింది.

"రెండు పూటలా సూది ఏసుకుంటున్న బిడ్డా. సారేమో అబద్ధమాడుతున్నవంటున్నడు."

చీర కొంగు జరిపి పొట్ట మీది సూది గుర్తులు చూపించింది. ఆమె మాట నమ్మాను. ఇక అనుమానించాల్సింది మిషన్‌నే.

ల్యాబ్ ఓనర్‌కు చెప్పాను. "పొద్దుగాల కంట్రోల్ కరెక్టే వచ్చింది గదమ్మా. మిషన్‌కేం కాలే," అన్నాడు.

కంట్రోల్ అంటే విలువ ముందే తెలిసిన ద్రవం. రోజూ దానితోనే మిషన్‌ను సరిచూస్తాం. కానీ దాని విలువ రెండొందల యాభై. ఆ పైన మిషన్ నిజం చెబుతోందో లేదో ఎవరూ చూడలేదు.

ఆమె రక్తంలోంచి వేరుచేసిన సీరంలో అంతే కొలత సెలైన్ కలిపి పెట్టాను. నిజంగా మూడొందలే అయితే సగం, నూటయాభై రావాలి. నూటతొంభై వచ్చింది! నాలుగో వంతుకు పలచన చేశాను. తొంభై అయిదు. ఎటు లెక్కేసినా మూడొందల ఎనభై. ఫ్రిజ్‌లో దాచిన మొదటిరోజు సీరాన్నీ అలాగే చూస్తే నాలుగొందల ఎనభై తేలింది.

అంటే మూడు రోజుల్లో వంద తగ్గింది. మిషనే మూడొందలు దాటి పైకి చూడలేకపోతోంది.

ఓనర్ నమ్మలేదు. చుక్కలు కొలిచే పిపెట్ తానే పట్టి కలిపాడు. అంకె చూసి, "నువ్వే కరెక్ట్ బిడ్డా," అంటూ డాక్టర్‌కు ఫోన్ చేశాడు.

మర్నాడు ఇంజనీర్ వచ్చి, మిషన్ లోపల రంగు చిక్కదనాన్ని కొలవడానికి వెలుగునిచ్చే బల్బు బలహీనపడిందని మార్చాడు. ఎక్కువ షుగర్ ఉన్న ద్రవాన్ని మెట్టు మెట్టుగా పలచన చేసి, వచ్చిన అంకెలను గ్రాఫ్ కాగితం మీద చుక్కలుగా పెట్టాను. స్కేలు ఆనిస్తే, మూడొందలు దాటినవి కూడా, చుక్కలన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీతను ఎన్నిసార్లు చూసుకున్నానో!

ఆ మధ్యాహ్నమే వేల్పూర్ ఆమె డాక్టర్ గదిలోంచి నేరుగా మా దగ్గరికి వచ్చింది. బెంచీల నిండా జనం.

"సారే తప్పయిందన్నడు," అంది అందరికీ వినపడేలా. "నా సూది మస్తు పనిచేస్తున్నదట!"